నాలుగు ఫ్రేమ్‌వర్క్‌లు, ఒకటే థీమ్: రంగుకి పేరు కాదు, వరస పెట్టండి

ఈ ఎపిసోడ్ కొంచెం పొడుగ్గా ఉంటుంది. టాపిక్ పైకి చిన్నదిగానే కనిపిస్తుంది కానీ లోపల మెలికలు చాలా ఉన్నాయి. ఒకటే వెబ్‌సైట్, లోపల మాత్రం ఒక పేజీ రియాక్ట్, ఒక పేజీ వ్యూ, ఇంకోటి యాంగ్యులర్. వీటన్నిటికీ ఒకటే రంగులు, ఒకటే ఫాంట్, ఒకటే తరహా బటన్లు ఎలా తేవాలి? ఇవాళ మాట్లాడుకునేది ఇదే.

ఉదాహరణకి బస్ టికెట్లు అమ్మే ఒక సైట్ ఊహించుకోండి. హైదరాబాద్ నుంచి విజయవాడకి బస్సులు వెతికే పేజీ రియాక్ట్‌లో ఉంది, ఎంయూఐ లైబ్రరీ వాడారు. సీటు ఎంచుకునే పేజీ ఇంకో టీమ్ వ్యూలో, వ్యూటిఫై పెట్టి కట్టింది. లాగిన్, పేమెంట్ యాంగ్యులర్ మెటీరియల్. టికెట్ క్యాన్సిల్ చేసే పేజీ మాత్రం పదేళ్ళ కిందటిది, యాంగ్యులర్‌జేఎస్, బూట్‌స్ట్రాప్ 3. దాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం లేదు, ఎందుకంటే రీఫండ్ లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి. ఇది ఎవరి తెలివితక్కువతనమూ కాదు. కంపెనీ పెరిగేకొద్దీ, టీమ్‌లు మారేకొద్దీ, ఇంకో చిన్న కంపెనీని కొని కలుపుకున్నప్పుడల్లా ఇలాగే అవుతుంది.

ఇప్పుడు కస్టమర్ వైపు నుంచి చూడండి. వెతికే పేజీలో బటన్ ఆకుపచ్చ. సీటు పేజీలో నీలం. పేమెంట్ దగ్గరికి వచ్చేసరికి ఫాంట్ మారిపోయింది, బటన్ ఊదా రంగులోకి వెళ్ళింది. మన ఇంట్లో పెద్దవాళ్ళకి మనమే చెప్తాం కదా, "నాన్నా, సైట్ చూడ్డానికి ఏదో తేడాగా ఉంటే కార్డ్ నంబర్ కొట్టొద్దు, ఓటీపీ చెప్పొద్దు" అని. ఆ మాట విని ఆయన పేమెంట్ పేజీ మూసేస్తే తప్పు ఆయనది కాదు. మనం నేర్పిన జాగ్రత్తే ఆయన పాటించాడు. సో థీమ్ అంటే అందం గురించిన విషయం మాత్రమే అనుకోకండి. డబ్బు కట్టే మనిషికి "నేను ఇంకా అదే సైట్‌లో ఉన్నాను" అన్న నమ్మకం ఇచ్చేది అదే.

సరే, ఏం చేద్దాం? మీటింగ్‌లో మొదట వచ్చే మాట, "అన్నీ రియాక్ట్‌లోకి మార్చేద్దాం". అది థీమ్ పని కాదు, రెండేళ్ళ ప్రాజెక్ట్. ఈలోపు ఇంకో ఫ్రేమ్‌వర్క్ వస్తుంది. రెండో మాట, "ఒక కాంపొనెంట్ లైబ్రరీ రాసి అందరికీ ఇద్దాం". రియాక్ట్‌లో రాసిన బటన్ యాంగ్యులర్‌లోకి నేరుగా వెళ్ళదు. వెబ్ కాంపొనెంట్స్ అయితే వెళ్తాయి, అది మంచి దారే, కానీ ప్రతి టీమూ తన పేజీల్లో ఉన్న బటన్లు, ఫారాలు అన్నీ మార్చుకోవాలి. మూడోది, "ఒక సాస్ ఫైల్ పెట్టి అందరం అదే వాడదాం". సాస్ వేరియబుల్ బ్రౌజర్ దాకా రాదు, బిల్డ్ దగ్గరే కరిగిపోయి మామూలు హెక్స్ కోడ్ అయిపోతుంది. అంటే ఒక రంగు మార్చాలంటే నాలుగు టీమ్‌లు నాలుగు బిల్డ్‌లు చేసి నాలుగు రోజుల్లో రిలీజ్ చేయాలి. ఆ నాలుగు రోజులూ సైట్ అతుకుల బొంతలా ఉంటుంది. పైగా ఎంయూఐ థీమ్ జావాస్క్రిప్ట్ ఆబ్జెక్ట్, దానికి సాస్ ఫైల్‌తో పనే లేదు.

ఇక్కడ ఆగి ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ నాలుగింటికీ కలిసే చోటు ఏది? బ్రౌజర్. రియాక్ట్ అయినా వ్యూ అయినా చివరికి తెర మీదకి వచ్చేది హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్. కాబట్టి పంచుకోవాల్సింది ఏదైనా బ్రౌజర్‌కి అర్థమయ్యే రూపంలో ఉండాలి. ఆ రూపం సీఎస్ఎస్ కస్టమ్ ప్రాపర్టీ, మనం మామూలుగా సీఎస్ఎస్ వేరియబుల్ అంటాం. ఫైర్‌ఫాక్స్‌లో 2014 నుంచి ఉంది, క్రోమ్‌లోకి, సఫారీలోకి 2016లో వచ్చింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11లోకి ఎప్పటికీ రాలేదు, చాలా కంపెనీలు దీన్ని ఆలస్యంగా మొదలుపెట్టడానికి అదో పెద్ద కారణం. మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న దానికి సపోర్ట్ ఆపేసింది కాబట్టి ఇప్పుడు ఆ సాకు లేదు.

ఈ వేరియబుల్స్‌లో మనకి కావలసిన గుణం ఒకటుంది: వారసత్వం. పైన ఉన్న ఎలిమెంట్ మీద విలువ పెడితే కింద ఉన్న పిల్లలందరికీ అందుతుంది. యాంగ్యులర్ తన స్టైల్స్‌ని కాంపొనెంట్ దాటనీయకుండా కట్టేసినా, వెబ్ కాంపొనెంట్ షాడో డామ్ గోడ కట్టినా, వేరియబుల్ మాత్రం లోపలికి వెళ్తుంది. బయటి క్లాస్ ఆ గోడ దాటదు, వేరియబుల్ దాటుతుంది. మొత్తం పద్ధతి ఈ ఒక్క గుణం మీదే నిలబడి ఉంది.

ఇప్పుడు పేర్లు. సగం ప్రాజెక్టులు దెబ్బతినేది ఇక్కడే. చాలామంది మొదట రాసేది "--ఆకుపచ్చ-600" లాంటి పేరు. (అన్నట్టు, వేరియబుల్ పేరు నిజంగానే తెలుగు లిపిలో పెట్టినా బ్రౌజర్ ఒప్పుకుంటుంది. ఆఫీసులో మాత్రం ట్రై చేయకండి.) రేపు కంపెనీ రంగు నారింజకి మారితే? ఆకుపచ్చ అనే పేరులో నారింజ విలువ పెట్టి కూర్చుంటాం. మన ఇళ్ళల్లో మనుషుల్ని ఎలా పిలుస్తాం? పేరు పెట్టి కాదు, వరస పెట్టి. "అక్కా" అంటే ఏ ఇంట్లో ఆ ఇంటి అక్క పలుకుతుంది. రంగులకీ అంతే. "ముఖ్యమైన పని చేసే బటన్ రంగు", "ఆ బటన్ మీద రాసే అక్షరాల రంగు", "తప్పు జరిగిందని చెప్పే రంగు", "పేజీ నేల రంగు". ఇవి వరసలు. ఆకుపచ్చ-600 అనేది మనిషి పేరు. కాంపొనెంట్లలో వాడాల్సింది వరస మాత్రమే. ఆ వరసకి ఈ ఇంట్లో ఎవరు పలకాలన్నది ఒకటే ఫైల్‌లో రాసి ఉంటుంది.

ఈ వరసల్నే డిజైన్ టోకెన్లు అంటారు. సేల్స్‌ఫోర్స్ కంపెనీ తన లైట్నింగ్ డిజైన్ సిస్టమ్ కడుతున్న రోజుల్లో ఈ మాట పుట్టింది, అక్కడ పనిచేసిన జీనా యాన్ దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. వెబ్‌కీ ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ ఒకటే విలువలు వెళ్ళాలన్నది వాళ్ళ అవసరం. తర్వాత అమెజాన్ నుంచి స్టైల్ డిక్షనరీ అనే ఓపెన్ సోర్స్ టూల్ వచ్చింది. ఒక జేసన్ ఫైల్ ఇస్తే అందులోంచి సీఎస్ఎస్, సాస్, జావాస్క్రిప్ట్, ఇంకా మొబైల్ ఫైళ్ళు తీసిస్తుంది. ఆ జేసన్ ఎలా రాయాలో డబ్ల్యూ3సీ కమ్యూనిటీ గ్రూప్ ఒకటి ఫార్మాట్ తయారుచేసింది, దాని మొదటి స్థిరమైన వెర్షన్ 2025 అక్టోబర్‌లో వచ్చింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఆ ఫార్మాట్‌లోనే రాయండి, డిజైన్ టూల్స్‌తో పని తేలికవుతుంది.

ఎన్ని టోకెన్లు? నా అభిప్రాయం, మొదట ముప్ఫై దాటనివ్వకండి. మూడు వందల టోకెన్లతో మొదలైన టీమ్‌లో ఏది ఎక్కడ వాడాలో ఎవరికీ గుర్తుండదు, ఆరు నెలలకి మళ్ళీ హెక్స్ కోడ్‌లు వచ్చేస్తాయి.

సరే, మన బస్ సైట్‌కి టోకెన్ ఫైల్ తయారైంది అనుకోండి. "--కలర్-యాక్షన్" అనేది ముఖ్యమైన బటన్ రంగు. ఇప్పుడు దీన్ని నాలుగు లైబ్రరీలకి కలపాలి. ఒక్కోదానికి ఒక్కో చిన్న వంతెన ఫైల్ రాస్తాం. "నీ భాషలో ప్రైమరీ అంటే మా భాషలో యాక్షన్" అని చెప్పే ఫైల్, అంతే. వినడానికి ఎంత తేలికో కదా. ఒక్కోదాని గుణం చూద్దాం.

ఎంయూఐ. సహజంగా ఎవరైనా ఏం చేస్తారు? థీమ్ ఆబ్జెక్ట్‌లో ప్రైమరీ రంగు దగ్గర మన వేరియబుల్ పేరు పెడతారు. పెట్టగానే ఎర్ర అక్షరాల్లో ఎర్రర్ వస్తుంది. కారణం, ఎంయూఐ మీరిచ్చిన రంగు నుంచి లేత రంగు, ముదురు రంగు, దాని మీద అక్షరాల రంగు తనే లెక్కగడుతుంది. ఆ లెక్క జావాస్క్రిప్ట్‌లో జరుగుతుంది, అక్కడ వేరియబుల్ లోపలి విలువ దానికి తెలీదు. వెర్షన్ 6 నుంచి సీఎస్ఎస్ వేరియబుల్స్ అనే ఆప్షన్ ఆన్ చేసుకోవచ్చు. అప్పుడు లైబ్రరీ తన రంగులన్నిటినీ తన సొంత వేరియబుల్స్‌గా రాస్తుంది. థీమ్‌లోకి అసలు విలువలే ఇవ్వండి, టోకెన్ బిల్డ్ నుంచి వచ్చిన జావాస్క్రిప్ట్ ఫైల్ ఉంది కదా. తర్వాత వంతెన ఫైల్‌లో ఎంయూఐ ప్రైమరీ వేరియబుల్‌ని మన యాక్షన్ వేరియబుల్ వైపు తిప్పండి. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ప్రతి రంగుకీ "ఛానెల్" అని ఇంకో వేరియబుల్ ఉంటుంది, అందులో రంగు మూడు అంకెలుగా ఉంటుంది. మౌస్ పెట్టినప్పుడు వచ్చే పలచని రంగు అందులోంచి వస్తుంది. అది మర్చిపోతే బటన్ ఆకుపచ్చ, మౌస్ పెడితే నీలం నీడ.

వ్యూటిఫై 3 కథ వేరు. అది మొదటి నుంచే వేరియబుల్స్ వాడుతుంది కానీ ప్రైమరీ వేరియబుల్‌లో హెక్స్ కోడ్ ఉండదు, కామాలతో మూడు అంకెలు ఉంటాయి. వాడే చోట వాటిని ఆర్‌జీబీ అనే ఫంక్షన్‌లో వేసుకుంటుంది. అందులో మీరు హెక్స్ కోడ్ పెడితే ఆ లైన్ మొత్తం చెల్లదు, బటన్ రంగు మాయం. కన్సోల్‌లో ఒక్క ఎర్రర్ కూడా రాదు. సో టోకెన్ బిల్డ్‌లోనే ప్రతి రంగునీ రెండు రూపాల్లో తీయించుకోండి, ఒకటి మామూలుది, ఒకటి మూడు అంకెలది. ఎంయూఐ ఛానెల్‌కి కూడా ఇదే పనికొస్తుంది, కాకపోతే దానికి కామాలు ఉండవు, ఖాళీలు ఉంటాయి. ఇంకోటి, వ్యూటిఫై తన థీమ్‌ని ఒక క్లాస్ మీద రాస్తుంది. మీరు రూట్ మీద మాత్రమే మారిస్తే, దగ్గర్లో ఉన్న క్లాస్ విలువే గెలుస్తుంది. వంతెన ఆ క్లాస్ మీదే వేయాలి.

యాంగ్యులర్ మెటీరియల్ ఇప్పుడు చాలా మంచిగా ఉంది. వెర్షన్ 19 నుంచి "మ్యాట్-సిస్" అని మొదలయ్యే వేరియబుల్స్ వస్తాయి, వాటిని మన టోకెన్ల వైపు తిప్పితే చాలావరకు పనైపోతుంది. పాత వెర్షన్లు వాడే టీమ్ అయితే సాస్‌లోనే రంగులు ఇంకిపోయి ఉంటాయి, అక్కడ అప్‌గ్రేడ్ ఖర్చు కూడా లెక్కలో పెట్టుకోండి.

ఇక బూట్‌స్ట్రాప్ 3. వేరియబుల్స్ లేవు, ఏమీ లేవు. చేత్తో రాయాల్సిందే. బటన్, లింకు, ఫారం, హెచ్చరిక డబ్బా, టేబుల్, ఈ ఐదారింటికీ మన టోకెన్లు వాడుతూ ఒక ఓవర్‌రైడ్ ఫైల్. వంద లైన్లు అటూ ఇటూ. కానీ అందులో ఒక గుంట ఉంది. మన టోకెన్లలో సైజులు రెమ్‌లో రాసుకుంటాం. రెమ్ అంటే రూట్ ఫాంట్ సైజు, మామూలుగా 16 పిక్సెల్స్. బూట్‌స్ట్రాప్ 3 మాత్రం రూట్ ఫాంట్ సైజుని 10 పిక్సెల్స్ చేస్తుంది. అంటే 1.5 రెమ్ అన్న టోకెన్ మిగతా పేజీల్లో 24 పిక్సెల్స్, క్యాన్సిల్ పేజీలో 15. ఫైల్ ఒకటే, పేరు ఒకటే, తెర మీద మాత్రం అన్నీ కుంచించుకుపోయి ఉంటాయి. ఆ పేజీలో లేఅవుట్ కొలతలు ఎక్కువగా పిక్సెల్స్‌లోనే ఉంటాయి కాబట్టి రూట్ సైజుని మళ్ళీ 100 శాతానికి మార్చి, రెమ్ వాడిన కొద్ది చోట్లు చూసుకోవడం మేలు.

బూట్‌స్ట్రాప్ 5 వాడేవాళ్ళు "మాకు వేరియబుల్స్ ఉన్నాయిగా" అంటారు. ఉన్నాయి. కానీ ప్రైమరీ వేరియబుల్ మార్చి చూడండి, ప్రైమరీ బటన్ మారదు. ఆ బటన్‌కి తన సొంత వేరియబుల్స్ ఉన్నాయి, వాటిలో విలువలు సాస్ దగ్గరే అంకెలుగా పడిపోయాయి. బటన్ వేరియబుల్స్ విడిగా మార్చాలి.

ఇప్పుడు ఈ ఎపిసోడ్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన మెలిక చెప్తా. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉందాం, ఎందుకంటే డాక్యుమెంటేషన్ చదివినా ఇది తలకెక్కదు.

రూట్ మీద రెండు టోకెన్లు రాశారు. మొదటిది, కలర్-యాక్షన్ అంటే ఆకుపచ్చ. రెండోది, బటన్-నేల అంటే కలర్-యాక్షన్ ఏదైతే అది. అంటే రెండోది మొదటిదాన్ని చూపిస్తోంది. బాగానే ఉంది. ఇప్పుడు పేజీ అడుగున నల్లటి ఫుటర్ ఉంది. దాని మీద ముదురు ఆకుపచ్చ కనపడదు కాబట్టి, ఫుటర్‌కి డేటా-థీమ్ డార్క్ అని పెట్టి అక్కడ కలర్-యాక్షన్‌ని లేత ఆకుపచ్చ చేశారు. ఫుటర్‌లో బటన్ ఏ రంగులో ఉంటుంది? అందరూ లేత ఆకుపచ్చ అంటారు. కాదు. ముదురే.

ఎందుకంటే బటన్-నేల విలువ రాసిన చోటే తేలిపోతుంది. రూట్ మీద రాశాం కాబట్టి బ్రౌజర్ రూట్ దగ్గరే "కలర్-యాక్షన్ అంటే ఇక్కడ ముదురు ఆకుపచ్చ" అని తేల్చేసి, ఆ తేలిన రంగుని పిల్లలకి పంపుతుంది. సూత్రాన్ని పంపదు, జవాబుని పంపుతుంది. మన వరస భాషలో చెప్పాలంటే, పెద్దింట్లో "అక్క అంటే లక్ష్మి" అని ఒకసారి తేల్చి, కింది ఇళ్ళన్నిటికీ "లక్ష్మి" అన్న పేరే పంపినట్టు. కింది ఇంట్లో అక్క వేరే మనిషి అయినా లక్ష్మే పలుకుతుంది.

దీనికి మందు, ఇంకో టోకెన్‌ని చూపించే టోకెన్లన్నీ థీమ్ మారే ప్రతి చోటా మళ్ళీ రాయాలి. భయపడకండి, కాపీ పేస్ట్ అక్కర్లేదు. సెలెక్టర్‌లో రూట్ పక్కన కామా పెట్టి "డేటా-థీమ్ అనే యాట్రిబ్యూట్ ఉన్న ఏ ఎలిమెంట్ అయినా" అని కలపండి. అప్పుడు ఫుటర్ దగ్గర ఆ సూత్రం కొత్తగా లెక్కకి వస్తుంది, లేత ఆకుపచ్చ వస్తుంది. ఎంయూఐ, యాంగ్యులర్ మెటీరియల్ వంతెన ఫైళ్ళకి కూడా ఇదే రూల్, అవి మొత్తం ఇంకో టోకెన్‌ని చూపించే లైన్లే కదా. డార్క్ మోడ్ పేజీ అంతటికీ ఒకేసారి మారితే ఈ బగ్ బయటపడదు. పేజీలో ఒక ముక్క మాత్రమే వేరే థీమ్‌లో ఉన్న రోజు బయటపడుతుంది, అప్పటికి ఈ ఫైల్ రాసినవాళ్ళు ఉద్యోగం మారి ఉంటారు.

దీనికి తమ్ముడు లాంటి బగ్ ఇంకోటుంది. థీమ్ యాట్రిబ్యూట్‌ని యాప్ చుట్టూ ఉన్న డివ్ మీద పెడతారు. అంతా బాగుంటుంది, డైలాగ్ తెరిచేదాకా. రియాక్ట్‌లో పోర్టల్, వ్యూలో టెలిపోర్ట్, యాంగ్యులర్‌లో ఓవర్‌లే, పేర్లు వేరు కానీ చేసే పని ఒకటే: డైలాగ్‌ని యాప్ డివ్ లోపల కాకుండా బాడీ చివర పెడతాయి. అంటే థీమ్ ఇంటి బయట. "టికెట్ క్యాన్సిల్ చేయాలా?" అని అడిగే డబ్బా మాత్రం వేరే రంగులో వస్తుంది. సరిగ్గా మనిషి ఆలోచించి నొక్కాల్సిన చోట. థీమ్‌ని హెచ్‌టీఎంఎల్ ఎలిమెంట్ మీదే పెట్టండి, ఈ గొడవ ఉండదు.

యూజర్ డార్క్ మోడ్ ఎంచుకుంటే అది ఎక్కడ దాచుకోవాలి? అందరూ లోకల్ స్టోరేజ్ అంటారు. అన్ని పేజీలూ ఒకే డొమైన్ కింద ఉంటే సరే. పేమెంట్ వేరే సబ్‌డొమైన్‌లో ఉంటే లోకల్ స్టోరేజ్ అక్కడికి చేరదు, రెండూ బ్రౌజర్ దృష్టిలో వేరే వేరే ఇళ్ళు. మెయిన్ డొమైన్ పేరు మీద ఒక కుకీ పెడితే సబ్‌డొమైన్లన్నీ చదువుకుంటాయి. పేజీ హెడ్‌లో, సీఎస్ఎస్ కన్నా ముందు, నాలుగు లైన్ల స్క్రిప్ట్ ఆ కుకీ చదివి యాట్రిబ్యూట్ పెట్టాలి. ఫ్రేమ్‌వర్క్ లోడ్ అయ్యాక పెడదాం అనుకుంటే రాత్రి పదకొండుకి టికెట్ చూసుకునే మనిషి కళ్ళల్లోకి తెల్లటి తెర ఒక్కసారి మెరిసి పోతుంది.

ఇప్పుడు రంగుల జోళ్ళ సంగతి. నేల రంగు టోకెన్ మార్చి, దాని మీద అక్షరాల రంగుని లైబ్రరీకి వదిలేయడం చాలా చోట్ల చూస్తాం. మామూలు సైజు అక్షరాలకి, నేలకి మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలని డబ్ల్యూసీఏజీ ప్రమాణం చెప్తుంది. పెద్ద అక్షరాలకి 3:1 చాలు. ఎంయూఐ తనంతట తను తెల్ల అక్షరాలా నల్ల అక్షరాలా అని తేల్చుకునేటప్పుడు చూసే డిఫాల్ట్ హద్దు 3. అంటే ప్రమాణానికి చాలని రంగు మీద కూడా తెల్ల అక్షరాలు పెట్టేస్తుంది. మీ బ్రాండ్ రంగు నారింజ అనుకోండి, ఎండలో బస్టాండ్‌లో నిలబడి ఫోన్ చూసేవాళ్ళకి "పే చేయండి" అన్న మాట కనపడదు. కాబట్టి టోకెన్ ఎప్పుడూ జంటగా పుట్టాలి, నేల ఒకటి, దాని మీద అక్షరం ఒకటి. ఆ జంట కాంట్రాస్ట్‌ని బిల్డ్‌లోనే చెక్ చేయండి, తక్కువైతే బిల్డ్ ఆగిపోవాలి.

సైట్‌కి తెలుగు వెర్షన్ ఉన్నవాళ్ళు ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి. ఇంగ్లిష్ సైట్లు చూసి రాసుకున్న థీమ్‌లలో ఇది ఉండదు. ఇంగ్లిష్ అక్షరాలకి సరిపోయిన లైన్ హైట్ తెలుగుకి సరిపోదు. పైన గుడి, ఏత్వం, కింద వత్తులు, "రాష్ట్రం", "స్త్రీ", "లక్ష్మి" లాంటి మాటలు రెండు వైపులా జాగా అడుగుతాయి. బూట్‌స్ట్రాప్ 3 బాడీ లైన్ హైట్ 1.43 దగ్గర ఉంటుంది, ఎంయూఐ బటన్‌ది 1.75. అంటే ఒకటే తెలుగు మాట ఒక పేజీలో హాయిగా ఉంటుంది, ఇంకో పేజీలో వత్తు కింది లైన్ నెత్తి మీద పడుతుంది. ఎత్తు పిక్సెల్స్‌లో బిగించి, ఓవర్‌ఫ్లో దాచేసిన చిప్‌లో అయితే వత్తు సగానికి తెగిపోతుంది.

లైన్ హైట్‌ని టోకెన్‌గా పెట్టండి, భాష తెలుగు అయినప్పుడు దాని విలువ పెరిగేలా లాంగ్ సెలెక్టర్‌తో రాయండి. అక్షరాల మధ్య ఖాళీ కూడా టోకెన్ కావాలి, తెలుగులో అది సున్నా. ఎంయూఐ బటన్లలో కొంచెం ఖాళీ డిఫాల్ట్‌గా వస్తుంది, ఇంగ్లిష్‌లో స్టైల్‌గా ఉంటుంది, తెలుగులో పదం విడిపోయినట్టు కనిపిస్తుంది. అన్నీ పెద్ద అక్షరాలు చేసే సెట్టింగ్ కూడా ఎంయూఐ బటన్లలో డిఫాల్ట్. తెలుగులో పెద్దా చిన్నా అక్షరాలే లేవు, కాబట్టి ఇంగ్లిష్ వెర్షన్‌లో "ముఖ్యం" అని చెప్పిన ఆ తేడా తెలుగు వెర్షన్‌లో కనపడకుండా పోతుంది. ముఖ్యం అని చూపించడానికి బరువు వాడండి, అంటే బోల్డ్.

ఫాంట్ మాట. టోకెన్‌లో ఇంగ్లిష్ ఫాంట్ పేరు ఒక్కటే ఇస్తే, తెలుగు అక్షరాలకి ఒక్కో డివైస్ తనకి తోచిన ఫాంట్ వేసుకుంటుంది. విండోస్‌లో నిర్మలా, ఆండ్రాయిడ్‌లో మామూలుగా నోటో, యాపిల్ డివైస్‌లలో ఇంకోటి. వాటి పొడుగులు, వెడల్పులు వేరు. గూగుల్ ఫాంట్స్‌లో నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటివి ఉచితంగా ఉన్నాయి. ఒకటి ఎంచుకుని, ఇంగ్లిష్ ఫాంట్ తర్వాత దాని పేరు రాసి, నాలుగు యాప్‌లకీ అదే వరుస ఇవ్వండి. హెడ్డింగ్‌లకి రామభద్ర లాంటి లావు ఫాంట్ బాగుంటుంది కానీ ఫారం లేబుల్స్‌కి పెట్టకండి, చదవలేం.

టోకెన్లు పట్టని చోట్లూ ఉన్నాయి. స్క్రీన్ వెడల్పు బట్టి లేఅవుట్ మార్చే మీడియా క్వెరీలో వేరియబుల్ పనిచేయదు. ఆ అంకెలు బిల్డ్ నుంచే నాలుగు యాప్‌లకీ వెళ్ళాలి. నొక్కినప్పుడు అలలా పాకే ఎఫెక్ట్ ఒక లైబ్రరీలో ఉంటుంది, ఒకదాంట్లో ఉండదు. వదిలేయండి. మూల గుండ్రం రెండు పిక్సెల్స్ తేడా ఉందని మీటింగ్ పెట్టే డిజైనర్లకి నా నమస్కారం. టికెట్ కొనే మనిషి చూసేది ముఖ్యమైన బటన్ రంగు, ఫాంట్, ఎర్రర్ ఎలా కనిపిస్తుంది, "సరే" ఎడమ పక్కనా కుడి పక్కనా అన్నవే. చివరిది టోకెన్‌తో రాదు, మాట్లాడుకుని తేల్చుకోవాలి.

ఫైల్ ఎలా పంచాలి అన్నదానికి రెండు పద్ధతులు. ప్యాకేజ్‌లా ఇస్తే ప్రతి టీమూ తనకి వీలైనప్పుడు అప్‌డేట్ చేసుకుంటుంది, అప్పటిదాకా రంగులు వేరుగా ఉంటాయి. ఒకటే యూఆర్ఎల్ నుంచి అందరూ లోడ్ చేసుకుంటే మార్పు ఒకేసారి వస్తుంది, తప్పు కూడా ఒకేసారి వస్తుంది. నేను రెండోదానివైపే, ఒక షరతుతో: ఒకసారి ఇచ్చిన టోకెన్ పేరు తీసేయకూడదు. లేని వేరియబుల్‌ని వాడితే సీఎస్ఎస్ పాత విలువకి వెనక్కి వెళ్ళదు. బ్యాక్‌గ్రౌండ్ అయితే పారదర్శకం అయిపోతుంది, అక్షరాల రంగు అయితే తల్లి ఎలిమెంట్ రంగు తెచ్చుకుంటుంది. తెల్ల నేల మీద తెల్ల అక్షరాల "పే చేయండి" బటన్ అలాగే పుడుతుంది. కొందరు దీనికి భయపడి వాడిన ప్రతిచోటా ఫాల్‌బ్యాక్ రంగు రాస్తారు. అప్పుడు వంతెన తెగినా ఎవరికీ తెలీదు, పాత రంగు కనపడుతూనే ఉంటుంది. నాకైతే అది ఇంకా ప్రమాదం. పేర్ల స్పెల్లింగ్ చెక్ చేసే పని లింటర్‌కి అప్పజెప్పండి.

అంతా కలిపాక నిజంగా కలిసిందా లేదా ఎలా తెలుసుకోవాలి? నేను చేసే పద్ధతి చెప్తా. టెస్ట్ సర్వర్‌లో కలర్-యాక్షన్‌ని కళ్ళు చెదిరే గులాబీ రంగు చేయండి. దాని మీద అక్షరాల రంగు నల్లగా పెట్టండి. ఇప్పుడు ఒక టికెట్ మొదటి నుంచి చివరిదాకా బుక్ చేయండి, తర్వాత దాన్నే క్యాన్సిల్ చేయండి. మౌస్ పెట్టి చూడండి, ట్యాబ్ కీతో ఫోకస్ తిప్పి చూడండి, ప్రతి డైలాగ్ తెరవండి, కావాలని తప్పు కార్డ్ నంబర్ కొట్టి ఎర్రర్ తెప్పించండి. గులాబీ కావాల్సింది గులాబీ కాలేదంటే ఆ చోటు ఇంకా కలవలేదు, స్క్రీన్‌షాట్ తీసి లిస్ట్‌లో రాసుకోండి. పని మొదలుపెట్టేటప్పుడు ఆ లిస్ట్‌లో క్యాన్సిల్ పేజీని మొదట పెట్టండి. చేత్తో ఎక్కువ రాయాల్సింది అక్కడే, డబ్బు వెనక్కి వస్తుందో రాదో అన్న కంగారుతో మనిషి వచ్చే పేజీ కూడా అదే.

వచ్చే ఎపిసోడ్‌లో ఇదే బస్ సైట్ టోకెన్ల నుంచి ఆండ్రాయిడ్ యాప్‌కి ఫైల్ తీసి చూపిస్తా. ఉంటాను.